ప్రతి మచ్చకీ ఓ చెయ్యి

“మీ అమ్మకి చెప్పవే బఠాణీ, ఇవాళ్టి నుంచి నీకు నీళ్లు పోసేది నేను కాదని.”

మంచం మీద బోర్లా పడుకుని దుప్పటి అంచు నములుతున్న తొమ్మిది నెలల పిల్లకి ఆ కబురు ఏమాత్రం పట్టలేదు. నానమ్మ గొంతు వినపడగానే తలెత్తి, ఉన్న రెండు పళ్లూ చూపించి నవ్వింది.

“బఠాణీ, నేనూ అదే అనుకుంటున్నానని నానమ్మకి చెప్పమ్మా,” అంది కోడలు, అటు తిరగకుండానే.

నిన్న మధ్యాహ్నం నుంచి ఆ ఇంట్లో అత్తాకోడళ్ల మాటలన్నీ ఈ పిల్ల మీదుగానే నడుస్తున్నాయి. పాపం, మాటలైనా రాని పిల్ల, ఇంటిల్లిపాదికీ పోస్టాఫీసు అయిపోయింది.

కొడుకు గుమ్మం దగ్గర ఒక కాలికి బూటు వేసుకుని, రెండోదాన్ని చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఏ మేడలో ఏ లిఫ్టు ఎక్కడ ఇరుక్కుపోయినా పది నిమిషాల్లో కదిలించేస్తాడని పేరు. ఇంట్లో ఈ ఇద్దరి మధ్యా తనే ఇరుక్కుపోతే కదిలించే దిక్కు మాత్రం లేదు.

“తొమ్మిదింటికి ఆస్పత్రిలో ఉండాలి. ఆ మచ్చలేంటో అక్కడి డాక్టరమ్మే చెప్తుంది కదా. అప్పటిదాకా కాస్త...”

“అప్పటిదాకా నోరు మూసుకోమంటావు. అంతేగా?” అంది తల్లి.

“నేనలా అన్లేదమ్మా.”

“అనక్కర్లేదు నాయనా. మొహం చూస్తే తెలుస్తోంది.”

నిన్న స్నానాల గదిలో పిల్ల ఒళ్లంతా ఒక్కసారిగా కందిపోయింది. చూస్తూ చూస్తూ ఉండగానే మెడ వాల్చేసింది. అత్త వేసిన కేకకి నాలుగిళ్లవాళ్లు పరిగెత్తుకొచ్చారు. ఫ్యాక్టరీలో ఉన్న కోడలికి ఫోను చేసి, పిల్లని వీధి చివరి క్లినిక్కుకి మోసుకెళ్లేసరికి అది కళ్లు తెరిచి చుట్టూ చూస్తోంది. అంతటితో అయిపోతే బాగానే ఉండేది. కోడలు కూడా వచ్చాక, అక్కడి ముసలి డాక్టరు పిల్ల గౌను పైకెత్తి, వీపు మీదా పొట్ట మీదా తొడల మీదా ఉన్న గోధుమరంగు మచ్చలు చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

“మీ ఇంట్లో సిగరెట్టు తాగేవాళ్లెవరైనా ఉన్నారామ్మా?”

“మా ఇంట్లో పొగ వచ్చేది పొయ్యి మీంచే,” అంది అత్త. అప్పటికి ఆమెకి ఆ ప్రశ్న లోతు తెలియలేదు. కోడలికి తెలిసింది, సిగరెట్టుతో కాల్చిన మచ్చలేమోనని ఆయన అనుమానం. వెనక్కి తిరిగి అత్త మొహంలోకి ఓ చూపు చూసింది. పెద్దాస్పత్రి చర్మం డాక్టరుకి ఉత్తరం రాసిచ్చి పంపించాడాయన. ఉత్తరం కోడలి సంచిలో ఉంది. ఆ చూపు మాత్రం రాత్రంతా ఇంట్లోనే తిరిగింది.

“సరే, పిల్లతో ఎందుకు, సూటిగానే అడుగుతాను,” అని కోడలు ఇటు తిరిగింది. “నీళ్లు పోసేటప్పుడు తలుపు గడియ ఎందుకు పెడతారత్తయ్యా?”

“గాలి తగులుతుందని.”

“గాలా!”

“అవును, గాలే. ముప్పై ఏళ్లు కాన్పుల వార్డులో ఆయాగా చేశాను. పిల్లకి నీళ్లు పోస్తున్నప్పుడు తలుపు తెరిస్తే మా పెద్ద నర్సు చెంప పగలగొట్టేది. ఈ చేతుల్లో ఎంతమంది పిల్లలు స్నానం చేశారో నాకే లెక్క తెలీదు. ఒక్క తల్లి వేలెత్తి చూపించలేదు.”

“ఆ తల్లులు మూడో రోజుకి ఇంటికెళ్లిపోతారు. వాళ్లకేం తెలుస్తుంది?”

కొడుకు రెండో బూటు కింద పెట్టేశాడు.

“మరి గౌన్లేమయ్యాయి?” కోడలు వదల్లేదు. “నేను ఫ్యాక్టరీలో మిగిలిన ముక్కలు కుట్టి తెచ్చిన రెండు గౌన్లు నాలుగు రోజులుగా కనిపించట్లేదు.”

“పారేశాను.”

“నాకు చెప్పకుండానా? వాటి మీద ఏం అంటుకుందని?”

“రంగు అంటుకుంది! మీ ఫ్యాక్టరీ బట్టకి ఏ మందులు వేసి, ఏ రంగులు అద్దుతారో ఎవరికి తెలుసు? ఆ గౌన్లు వేసిన దగ్గర్నుంచే కదా మచ్చలు ఎక్కువయ్యాయి? చెప్తే నువ్వు గొడవ పెట్టుకుంటావని చెప్పకుండా పారేశాను. తప్పా?”

“ఓహో, అయితే పిల్లని పాడుచేస్తోంది నేనన్నమాట!”

“నేనలా అన్లేదు.”

“అనక్కర్లేదు. మొహం చూస్తే తెలుస్తోంది.”

కొడుకుకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. రెండూ మింగేశాడు. తల్లి మాటే పెళ్లాం నోట తిరిగొచ్చిందని చెప్తే ఇద్దరూ కలిసి తనమీద పడతారు. ఆ మాత్రం తెలివి అతనికి ఉంది.

కోడలి గురించి ఒక్క మాట చెప్పాలి. ఆమె చెడ్డది కాదు. రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో ఆరేళ్లుగా చెకింగ్ బల్ల దగ్గర నిలబడి పని చేస్తోంది. కాలరు, భుజం, చంక, అంచు, ఇలా వరసగా చూసుకుంటూ పోవాలి. కుట్టు తప్పినచోట గుర్తు పెట్టాలి. ప్రతి కట్టకీ కుట్టినవాళ్ల నంబరు చీటీ ఉంటుంది. నంబరు చూసి, ఆ మిషను దగ్గరికే ముక్కని తిప్పి పంపాలి. ఆరేళ్లలో చెయ్యి లేని తప్పు ఆమె ఒక్కటి కూడా చూడలేదు. కుట్టు ఊడిందంటే ఊడగొట్టిన చెయ్యి ఒకటి ఉంటుంది. వెతికితే దొరుకుతుంది.

మూడు వారాల కిందట పిల్ల మచ్చలు బాగా పెరగడం చూసినప్పుడు ఆమెకి తోచింది కూడా అదే. పొద్దున్నే పిల్ల నిద్రలో ఉండగా ఒక్కొక్క మచ్చ చుట్టూ నీలం బాల్‌పెన్నుతో గుండ్రంగా గీత గీసి పనికెళ్లేది. సాయంత్రం వచ్చి పరీక్ష చేసేది. అత్త అడిగితే, “డాక్టరు గీయమన్నాడు” అని అబద్ధం చెప్పింది. ఏ డాక్టరని అత్త అడగలేదు.

“సోమవారం నుంచి శనివారం దాకా,” అంది కోడలు, వేళ్లు మడుస్తూ, “సాయంత్రం నేనొచ్చి చూస్తే మచ్చలన్నీ ఎర్రగా ఉబ్బి ఉంటున్నాయి, దద్దుర్లలాగ. ఆదివారం నేనింట్లో ఉంటాను, నీళ్లు నేనే పోస్తాను. ఒక్క మచ్చ ఉబ్బదు. మూడు ఆదివారాలూ అంతే. దీనికేమంటారు?”

ఈ లెక్క ఇంతకుముందు ఎవరికీ చెప్పలేదు. అత్త మొహం పాలిపోయింది. కోపంతోనో, భయంతోనో, కోడలికి తెలియలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉందని మాత్రం అనుకుంది.

కొడుకు తల దించుకుని నేల చూస్తున్నాడు. తలెత్తకుండానే మెల్లగా అన్నాడు.

“అమ్మా, నువ్వేమన్నా... కాస్త గట్టిగా రుద్దుతావేమో? నీకు తెలీకుండానే?”

కోడలు ఎన్ని అన్నా బదులిచ్చిన మనిషి, ఆ ఒక్క మాటకి కొడుకు వైపు తిరిగింది.

“నువ్వు కూడానా,” అంది.

లోపలికెళ్లింది. పెట్టె లాగిన చప్పుడు, బీరువా తలుపు చప్పుడు వినిపించాయి. పావుగంటకి చేతిసంచితో బయటికొచ్చింది.

“ఆస్పత్రికి నేనూ వస్తాను. ఆ డాక్టరమ్మ ఏమంటుందో నా చెవులతో విని, అట్నుంచటే నా చెల్లెలింటికి పోతాను. ఆపకండి.”

ఎవరూ ఆపలేదు. ఆపాలని కోడలికి లేదు, ఆపే ధైర్యం కొడుకుకి లేదు. పోతే పోనీ అనుకుందే గానీ, అత్త చెప్పులు వేసుకుంటుంటే కోడలికి అసలు చిక్కు గుర్తొచ్చింది. రేపు ఎనిమిదింటికి షిఫ్టు. పిల్లని ఎవరి చేతుల్లో పెట్టి వెళ్లాలి? అత్త ఉంటే పిల్ల గురించి భయం, అత్త లేకపోతే ఉద్యోగానికి గండం. అతని ఒక్క జీతంతో ఇల్లు నడవదు.

ఆస్పత్రి మెట్ల దగ్గరే కొడుకు ఫోను మోగింది. ఎక్కడో లిఫ్టులో నలుగురు ఇరుక్కున్నారట. “గంటలో వస్తాను,” అని అటే పోయాడు. పోతూ ఇద్దరి మొహాల్లోకీ చూడకుండా పోయాడు.

చర్మం డాక్టరు గది ముందు నర్సు, “పాపతో ఒక్కరే రండి,” అంది. అత్త గది బయట బల్ల మీద కూర్చుని, సంచి ఒళ్లో పెట్టుకుంది. కోడలు పిల్లతో లోపలికెళ్లింది.

డాక్టరమ్మ యాభై దాటిన మనిషి. ఉత్తరం విప్పి చదివింది గానీ, దాని గురించి ఏమీ అనలేదు. పిల్లని బల్ల మీద పడుకోబెట్టి, గౌను విప్పి, చెవుల వెనక నుంచి అరికాళ్ల దాకా చూసింది. చూసే పద్ధతి కోడలికి నచ్చింది. తన బల్ల దగ్గర తనూ అలాగే వరసగా చూస్తుంది.

“ఎప్పట్నుంచి ఉన్నాయి?”

“మూడో నెలలో ఒకటి రెండు కనిపించాయండీ. తర్వాత పెరిగాయి. నిన్న ఉన్నవి పద్దెనిమిది.”

“లెక్క కూడా పెట్టావా?” డాక్టరమ్మ నవ్వింది. తర్వాత ఒక నున్నటి చెక్కపుల్ల తీసుకుని పిల్ల వీపు మీద ఒక మచ్చని ఐదారుసార్లు మెల్లగా రాసింది. పక్కనే మచ్చ లేని చోట కూడా అలాగే రాసింది. “ఇప్పుడు ఓ ఐదు నిమిషాలు మనం కబుర్లు చెప్పుకుందాం. నిన్నేమైంది?”

కోడలు చెప్పడం మొదలుపెట్టింది. వేడినీళ్లు, మూసిన తలుపు, పారేసిన గౌన్లు, సాయంత్రాలు, ఆదివారాలు. చెప్పేకొద్దీ గొంతు లేచింది. డాక్టరమ్మ మధ్యలో ఆపలేదు. పిల్ల వీపు వైపు వేలు మాత్రం చూపించింది.

మచ్చ ఎర్రబడి, ఉబ్బి, చుట్టూ ఎర్రటి వలయం కట్టుకుని ఉంది. రోజూ సాయంత్రం తను చూసేది సరిగ్గా ఇదే. పక్కన ఉట్టి చర్మం మీద రాసినచోట ఏమీ లేదు. పిల్ల చెయ్యి వెనక్కి తిప్పి గోక్కోవాలని చూస్తోంది.

“అయ్యో! ఇదేంటండీ, మీరు ఊరికే అలా రాస్తేనే...”

“ఊరికే రాస్తేనే. దీని పేరు మాస్టోసైటోసిస్. అరుదైన జబ్బు. పాతికేళ్లలో నేను చూసినవి నాలుగో ఐదో. మాస్ట్ కణాలని అందరి చర్మంలోనూ ఉంటాయి. మీ పాపకి ఈ మచ్చల దగ్గర అవసరానికి మించి పోగయ్యాయి. రుద్దినా, వేడి తగిలినా వాటిలో ఉన్న రసాయనం బయటికి పొంగుతుంది. అప్పుడిలా ఉబ్బుతుంది, దురద పెడుతుంది. ఒక్కసారే ఎక్కువ పొంగితే ఒళ్లంతా కందిపోయి, సొమ్మసిల్లుతుంది. నిన్న జరిగింది అదే అయ్యుంటుంది.”

“అయితే... ఎవరు చేసినట్టండీ?”

“ఎవరూ చెయ్యలేదమ్మా.”

“ఎవరో ఒకరు...” కోడలు ఆగిపోయింది. తన మాట తనకే పిచ్చిగా వినిపించింది.

“కాలిన మచ్చలు కావు, కొట్టిన మచ్చలు కావు, బట్టల రంగూ కాదు. దీనికి ఎవరి చెయ్యీ లేదు. చాలామంది పిల్లలకి పెద్దయ్యేలోపు తగ్గిపోతుంది. రక్తపరీక్ష ఒకటి చేద్దాం, దురదకి మందు రాస్తాను. గోరువెచ్చటి నీళ్లే పొయ్యాలి. రుద్దకూడదు, తువ్వాలుతో అద్దాలి. నొప్పికో దగ్గుకో నన్నడక్కుండా ఏ మందూ వెయ్యొద్దు. సరే, ఈ నీలం గీతలేంటి?”

తొడ మీద ఒక గుండ్రం పూర్తిగా పోలేదు. కోడలు సిగ్గుపడుతూనే చెప్పింది.

“రోజూ గీసి, రోజూ తుడుస్తావా? దేంతో?”

“తడిగుడ్డతోనండీ. ఒక పట్టాన పోదు. కాస్త సబ్బు పెట్టి రుద్ది...”

ఆ మాట దగ్గర ఆమె నాలుక ఆగిపోయింది. డాక్టరమ్మ రాసుకుంటున్న పెన్ను కూడా ఆగింది.

“మచ్చలు ఉబ్బాయని చూసేది తుడవకముందా, తుడిచాకా?”

సిరా ఉంటే సరిగ్గా కనిపించదని కోడలు ముందు శుభ్రంగా తుడిచేది. ఆ తర్వాత మొహం కడుక్కొచ్చి, లైటు కింద పడుకోబెట్టి చూసేది.

“ఆదివారాలు గీస్తావా?”

“లేదండీ,” అంది. ఆ ఒక్క మాటా అనేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. మూడు వారాలు తన పిల్ల ఒంటి మీద తనే దద్దుర్లు లేపి, వాటికి ఇంకొకరి నంబరు చీటీ కట్టింది.

“బాధపడకు. తెలీక చేశావు,” అంది డాక్టరమ్మ. ఆ మాట అత్తకి కూడా వర్తిస్తుందని కోడలికి తట్టింది. దాంతో ఏడుపు ఇంకా ఎక్కువైంది.

బయట అత్త అలాగే కూర్చుని ఉంది. కోడలి ఎర్రటి కళ్లు చూడగానే లేచి నిలబడింది. సంచి కిందపడింది.

“ఏమందే? ప్రాణానికేం లేదుగా?”

“లేదు. చర్మంలో జబ్బట. పుట్టుకతోనే ఉండి ఉంటుందట. పెద్దయ్యేలోపు తగ్గుతుందన్నారు.” కోడలు పక్కన కూర్చుంది. “ఎవరూ చెయ్యలేదట.”

అత్త పెద్దగా ఊపిరి వదిలింది.

“మరి నిన్న?”

“వేడినీళ్లు పడవట. రుద్దకూడదట.”

అత్త తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని చూసుకుంది. “అయితే నిన్నటిది నా చెయ్యే. చెయ్యి పెడితే కాస్త చురుక్కుమనేలా పోసేదాన్ని, హాయిగా నిద్రపోతుందని. చూశావా, నువ్వన్నదే నిజమైంది.”

కోడలు ఏమీ అనకుండా ఊరుకుంటే ఇక్కడితో సరిపోతుంది. అత్తే ఒప్పేసుకుంటోంది. తన గీతల సంగతి డాక్టరమ్మకి తప్ప ఎవరికీ తెలియదు. ఇంతలో సంచిలో ఫోను మోగింది.

“ఏమందీ? అమ్మ వల్లేనా?” మొగుడి గొంతు ఖంగుమని వినిపించింది. కంగారులో ఫోను చెవికి దూరంగా పట్టుకుంది, అత్త కూడా వినేసింది.

“కాదు,” అంది కోడలు. “నా వల్ల. తర్వాత మాట్లాడతాను,” అని పెట్టేసింది.

అప్పుడు మొత్తం చెప్పింది. పెన్ను సంగతి, తడిగుడ్డ సంగతి, తుడిచాకే చూసిన సంగతి. ఒక్కటి కూడా దాచలేదు.

“డాక్టరు గీయమన్నాడని చెప్పావు నాతో.”

“అబద్ధమత్తయ్యా.”

“మూడు వారాల నుంచి ఆ గీతలు చెరిగిపోకుండా నీళ్లు పోశాను. వాటి మీద సబ్బు కూడా పెట్టలేదు. డాక్టరు గీసినవి కదా, పోతే పిల్లకేమవుతుందోనని వేలు కూడా ఆనించకుండా...” అత్త నుదురు కొట్టుకుంది. “నా మొహం. ఎంత పిచ్చిదాన్ని.”

“తప్పయిపోయింది. ఇంటికి రండి. మీరు లేకపోతే నాకు గడవదు.”

“గడవదని రమ్మంటున్నావా, నమ్మి రమ్మంటున్నావా?”

“రెండూనూ,” అంది కోడలు. ఆ మాట నిజంగానే అంది.

అత్త ముక్కు తుడుచుకుంది. పోనీలే అనుకుందో ఏమో, ముఖం కాస్త తేటపడింది. అమ్మ భుజం మీద నుంచి వంగి వంగి చూస్తున్న పిల్ల రెండు చేతులూ చాపింది. “రావే నా బంగారం,” అంటూ అత్త అందుకుని భుజానికేసుకుంది. పిల్ల తన మొహాన్ని నానమ్మ మెడకేసి అటూ ఇటూ రుద్దుకుంది. చెవి కింద ఓ చిన్న మచ్చ, అప్పటిదాకా లేత గోధుమరంగులో ఉన్నది, మెల్లగా ఎర్రబడింది.

కోడలి కళ్లు ఆ మచ్చ మీద పడ్డాయి. అక్కడి నుంచి పిల్ల వీపు మీదున్న అత్త చేతి మీదికి, ఆ వేళ్ల మీదికి వెళ్లాయి. క్షణం కూడా ఉండలేదు, వెంటనే తిప్పుకుంది.

అత్త చూసింది.

“డాక్టరు చెప్పాక కూడానా అమ్మాయ్?”

“లేదత్తయ్యా, నేను...”

“నువ్వు కావాలని చూళ్లేదులే. అదే నా భయం.”

కోపంగా అనలేదు. పిల్లని నెమ్మదిగా, ఒళ్లు ఎక్కడా రాసుకోకుండా, తీసి కోడలి చేతుల్లో పెట్టింది. కిందపడిన సంచి తీసుకుని దుమ్ము దులిపింది.

“గోరువెచ్చటి నీళ్లంటే మోచెయ్యి పెట్టి చూసుకో. అరచేతికి వేడి తెలీదు,” అని చెప్పి, వరండాలో గేటు వైపు నడిచింది.

“అత్తయ్యా!” కోడలు రెండడుగులు వేసింది. “అత్తయ్యా, ఆగండి! రేపు షిఫ్టు... అది కాదు, అందుకు కాదు...”

అత్త ఆగలేదు. నానమ్మ దూరమవడం చూసి పిల్ల గుక్కపట్టింది. ఏడుపుకి మొహం, మెడ, చెవులు కందిపోతున్నాయి. ఊరుకోబెడదామని కోడలు పిల్ల వీపు నిమరబోయింది. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఎంత మెల్లగా నిమిరితే రుద్దినట్టు కాదో ఆమెకి తెలియలేదు.